తోమేసిన నలుపు: ఒక కోల్‌రాష్ బ్రిడ్జి మరమ్మతు కథ

కాలేజీ ల్యాబుల్లో పాత పరికరాలు బాగుచేయడం నా వృత్తి. పోయిన వేసవిలో ప్రకాశం జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీ నుంచి కెమిస్ట్రీ మేడం ఫోన్ చేశారు. "మా దగ్గర పాత కండక్టివిటీ బ్రిడ్జి ఒకటి ఉందండీ. పిల్లలు ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో జవాబు తెస్తున్నారు. దాన్ని పక్కన పెట్టేసి డిజిటల్ మీటరే వాడుకోమంటారా, ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు. ద్రావణంలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో, అంటే దాని వాహకతను (కండక్టివిటీ) కొలిచే కోల్‌రాష్ బ్రిడ్జి అది. తీగ, చెవి, బ్యాటరీ తప్ప ఇంకేమీ అక్కర్లేని పరికరం. అలాంటివాటిని నేను చూడకుండా వదలను. మర్నాడే బస్సెక్కాను.

వెళ్లేసరికి మేడం బల్ల మీద అన్నీ సర్ది ఉంచారు. టేకు పలక మీద మీటరు పొడవు తీగ, దాని కింద స్కేలు, తీగ మీద జరిపే జాకీ. పక్కన రెసిస్టెన్స్ బాక్స్, బుల్లి ఇండక్షన్ కాయిల్, ఒంటి చెవి టెలిఫోన్ రిసీవర్. చివరగా కండక్టివిటీ సెల్: గాజు గొట్టంలో ఎదురెదురుగా రెండు ప్లాటినం రేకులు, ఒక్కొక్కటి సుమారు చదరపు సెంటీమీటరు, మధ్యలో సెంటీమీటరు లోపు ఎడం. సెల్ ఉంచే అట్టపెట్టెలో మడతలు పడ్డ చీటీ ఒకటి దొరికింది. దాని మీద సిరాతో "సెల్ కాన్‌స్టెంట్ 0.96" అని రాసి ఉంది. కొలిచిన నిరోధం నుంచి ద్రావణం వాహకత లెక్కగట్టడానికి వాడే అంకె అది. రాసినవారెవరో, ఏ ఏడాదో లేదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఆ చీటీయే.

పిల్లల రికార్డులు తిరగేశాను. అదే సెల్‌కి 0.81 నుంచి 1.17 దాకా కాన్‌స్టెంట్లు వచ్చాయి. రేకుల వైశాల్యం, వాటి మధ్య దూరం మారనంతవరకూ ఈ అంకె మారకూడదు. మారిందంటే కొలత ఎక్కడో జారుతోందన్నమాట.

పరికరం ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. వీట్‌స్టన్ బ్రిడ్జి మనందరికీ ఇంటర్‌లోనే పరిచయం. నాలుగు నిరోధాలు, మధ్యలో కరెంటు పారని చోటు వెతకడం. పేరు వీట్‌స్టన్‌ది గానీ, ఆ అమరికను 1833లోనే వివరించింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. వీట్‌స్టన్ 1843లో దాన్ని లోకానికి తెలిసేలా చేశాడు. కోల్‌రాష్ బ్రిడ్జికున్న నాలుగు భుజాల్లో ఒకదానిలో ద్రావణం నింపిన సెల్, రెండోదానిలో కావలసిన నిరోధం పెట్టుకోగల రెసిస్టెన్స్ బాక్స్, మిగిలిన రెండు భుజాలు మీటరు తీగలోని రెండు ముక్కలు. నేరుగా బ్యాటరీ బదులు అటూ ఇటూ దిక్కు మారే కరెంటునిచ్చే ఇండక్షన్ కాయిల్, గాల్వనోమీటర్ బదులు టెలిఫోన్ రిసీవర్. చెవికి రిసీవర్ పెట్టుకుని తీగ మీద జాకీ జరుపుతుంటే తేనెటీగ రొద లాంటి సద్దు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ సద్దుమణిగే చోటే మనకు కావలసింది. అక్కడ తీగ రెండు ముక్కల నిష్పత్తి చూస్తే సెల్ నిరోధం తెలిసిపోతుంది.

మొదట బ్రిడ్జినే అనుమానించాను. సెల్ తీసేసి, ఆ చోట నా దగ్గరున్న 500 ఓమ్‌ల స్టాండర్డ్ కాయిల్ పెట్టి, బాక్స్‌లో కూడా 500 తీశాను. సద్దు సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర మణిగింది. జాకీని మిల్లీమీటరు అటూ ఇటూ జరిపితే చాలు, రొద మళ్లీ వినబడింది. తీగ బాగుంది, బాక్స్ బాగుంది, రిసీవర్ బాగుంది. ఇండక్షన్ కాయిల్ కొట్టుకునే కాంటాక్టులు మాత్రం కాలి గుంటలు పడ్డాయి. సన్నటి గీరు కాగితంతో రుద్దితే దారికొచ్చాయి. ఆ కాయిల్‌ని బ్రిడ్జి పక్కనే పెట్టి వాడుతున్నారు. దాని సొంత గోలే చెవిలో పడుతుంటే రిసీవర్‌లో సన్నటి సద్దు ఎక్కడ వినబడుతుంది? పొడవాటి తీగలు వేసి కాయిల్‌ని పక్క స్టోర్ రూమ్‌లో పెట్టి తలుపు మూశాను.

ఇక సెల్. 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం కొత్తగా కలిపి సెల్‌లో పోసి మళ్లీ విన్నాను. ఈసారి సద్దు ఎక్కడా పూర్తిగా మణగలేదు. తీగ మీద 48.5 నుంచి 51.5 దాకా, మూడు సెంటీమీటర్ల మేర, ఒకే మందకొడి రొద. ఆ మూడు సెంటీమీటర్లలో ఎవరు ఎక్కడ ఆగితే అదే వారి జవాబు. నిరోధంలో అది అటూ ఇటూ ఆరేసి శాతం తేడా. పదింతలు చిక్కటి 0.1 మోలార్ ద్రావణం పోస్తే ఇంకా ఘోరం. ఎనిమిది సెంటీమీటర్ల మేర ఏమీ తేలలేదు, మధ్యబిందువు లెక్కేస్తే నిరోధం 85 ఓమ్‌ల దగ్గర వచ్చింది. పలుచటి ద్రావణం కన్నా చిక్కటి దానిలో రొద ఎక్కువైందంటే లోపం ద్రావణంలో లేదు, రేకుల ముఖాన ఉంది. అప్పుడు సెల్ పైకెత్తి కిటికీ వెలుతురులో చూశాను. రెండు రేకులూ కొత్త వెండి పట్టీల్లా తళతళలాడుతున్నాయి.

అంత మెరుపు చూడగానే నాకు విషయం అర్థమైంది. "ఇవి ఎప్పుడైనా తోమారా?" అని అడిగాను. ల్యాబ్ అటెండర్, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన, ముందుకొచ్చారు. "నేనే తోమానండి, పోయిన దసరాకి ఆయుధపూజ ముందర. నల్లగా మసిబట్టి ఉంటే ఏం బాగుంటది? గిన్నెలు తోమే పొడేసి, సన్న బ్రష్షుతో రుద్దితే ఎట్టా మెరిశాయో!" అన్నారు. ఆ ల్యాబులో ప్రతి సీసా మీదా ఆయన శ్రద్ధ కనిపిస్తుంది. బ్యూరెట్ల కొళాయిలు ఒక్కటి కూడా బిగుసుకోలేదు. ఆ నలుపు మసి కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. "బాబాయ్, ఆ నలుపు కూడా ప్లాటినమే. కావాలని పూసింది" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. మళ్లీ పూయవచ్చని చెప్పి, పూసేటప్పుడు పక్కనే ఉండమన్నాను.

ఆ నలుపు విలువ తెలియాలంటే అది లేని రోజుల్లోకి వెళ్లాలి.

ద్రావణాల వాహకతను అంకెల్లో పోల్చిన తొలి మనుషుల్లో ఇంగ్లండ్‌లోని హెన్రీ కేవెండిష్ ఒకడు. 1770లలో ఆయన దగ్గర గాల్వనోమీటర్ లేదు. అప్పటికి ఎవరి దగ్గరా లేదు. గాజు గొట్టాల్లో ఉప్పునీళ్లు నింపి, లేడెన్ జాడీల్లో (విద్యుత్తును నిల్వచేసే గాజు జాడీలు) దాచిన విద్యుత్తును వాటిగుండా తన ఒంట్లోకే పంపుకునేవాడు. ఒక గొట్టంలో తగిలిన షాకూ, రెండో దానిలో తగిలిన షాకూ సమానమయ్యేదాకా నీటి పొడవు మార్చి చూసేవాడు. అలా వాన నీటికన్నా సముద్రపు నీరు వంద రెట్లు, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీరు 720 రెట్లు బాగా విద్యుత్తును పోనిస్తాయని 1776లో ప్రకటించాడు. శతాబ్దం తర్వాత, 1879లో, భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆయన రాతప్రతులను అచ్చువేస్తూ ఆ ఫలితాలను, ఈ బ్రిడ్జికి పేరిచ్చిన కోల్‌రాష్ కొలతలతో పోల్చి, అవి అంత దగ్గరగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. నేను ఈ సంగతి ఏ ల్యాబుకు వెళ్లినా పిల్లలకు చెబుతాను. చెబుతున్నప్పుడు వాళ్లు తమ చేతుల వంక చూసుకుంటారు.

తర్వాత బ్యాటరీలు, గాల్వనోమీటర్లు వచ్చాయి. కానీ ద్రావణం మొండికేసింది. లోహపు తీగలో కరెంటు పంపితే తీగ తీగలాగే ఉంటుంది. ఉప్పునీళ్లలో ఏకముఖ కరెంటు పంపితే ఎలక్ట్రోడ్‌ల మీద వాయువులు పుడతాయి, అక్కడి పదార్థం మారిపోతుంది, బ్యాటరీకి ఎదురుతోసే వోల్టేజి తయారవుతుంది. దీన్నే ధ్రువణం అంటాం. కొలిచే పనే కొలవాల్సిన వస్తువును మార్చేస్తుంటే నిరోధం ఎంతని చెప్పగలం?

జర్మనీలో ఫ్రెడ్రిక్ కోల్‌రాష్ (1840–1910) దీనికి రెండు వైపుల నుంచి అడ్డుకట్ట వేశాడు. మొదటిది, కరెంటును ఒకే దిక్కున పంపకుండా క్షణక్షణం దిక్కు మార్చడం. 1869లో గోటింగెన్‌లో నిపోల్ట్‌తో కలిసి ఆయన ఈ ఏకాంతర కరెంటు పద్ధతిని బయటపెట్టాడు. ఒక దిక్కున జరిగిన మార్పును మరుక్షణం రెండో దిక్కు చెరిపేస్తుంది. రెండోది, ప్లాటినం రేకుల మీద ప్లాటినం నలుపు పూయడం. కంటికి మసిలా కనబడే ఆ పూత నిజానికి అతి సన్నటి ప్లాటినం రేణువుల నురగ. చదరపు సెంటీమీటరు రేకు మీద వందల రెట్ల నిజమైన ఉపరితలాన్ని పరుస్తుంది. విద్యుదావేశం అంత వైశాల్యం మీద పలుచగా సర్దుకుంటుంది కాబట్టి ధ్రువణం లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది.

లెక్క కూడా చూద్దాం. నున్నటి ప్లాటినం, ద్రావణం కలిసే చోట ఒక కెపాసిటర్, అంటే విద్యుదావేశాన్ని దాచుకునే అమరిక, ఏర్పడుతుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 20 మైక్రోఫారడ్‌లు అనుకుందాం. రెండు రేకులవి వరుసలో ఉంటే 10. ఇండక్షన్ కాయిల్ సెకనుకు వందసార్లు కొట్టుకుంటే ఆ కెపాసిటర్ అడ్డు 160 ఓమ్‌ల దాకా ఉంటుంది. 0.1 మోలార్ ద్రావణం నిరోధమే 75 ఓమ్‌లు. అంటే పక్కవాద్యం అసలు పాటకన్నా పెద్దదైంది. రెసిస్టెన్స్ బాక్స్‌లో కెపాసిటర్ లేదు కాబట్టి అది ఈ అడ్డును తూచలేదు, అందుకే సద్దు ఎక్కడా మణగలేదు. నలుపు పూస్తే ఇదే అడ్డు ఓమ్ కన్నా కిందికి దిగిపోతుంది.

టెలిఫోన్ వచ్చింది 1876లో. కొన్నేళ్లకే వూర్జ్‌బర్గ్‌లో కోల్‌రాష్ దాన్ని బ్రిడ్జికి తగిలించాడు. అటూ ఇటూ ఊగే కరెంటుకి మామూలు గాల్వనోమీటర్ ముల్లు కదలదు, చెవి మాత్రం అతి సన్నటి కరెంటును కూడా పసిగడుతుంది. మీటరు తీగ చాలక, రాతి డోలు మీద తీగను పది చుట్లు చుట్టి కొలత సూక్ష్మం చేసినదీ ఆయనే.

మరమ్మతుకు వస్తాను. ముందు రేకుల మీద మిగిలిన తోముడుపొడి, జిడ్డు పోవాలి. ఫ్యూమ్ కబ్బర్డ్‌లో, సగానికి సగం నీళ్లు కలిపిన ద్రవరాజంలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కొద్దిసేపు ముంచి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో పదేపదే కడిగాను. పూత ద్రావణం నాతోనే తెచ్చుకున్నాను: 3 శాతం క్లోరోప్లాటినిక్ ఆమ్లం, అందులో చిటికెలో పదోవంతు లెడ్ ఎసిటేట్. సీసం కలవకపోతే పూత బూడిదరంగులో పడి ఊడిపోతుంది. ఆ కాస్త సీసం ఉంటే మఖమల్‌లా నల్లగా అతుక్కుంటుంది. ఈ ఆమ్లం గ్రాము వేల రూపాయలు పలుకుతుంది కాబట్టి వాడాక సీసాలోకి వంచుకుంటాను, పారబోయను.

రెండు టార్చి సెల్‌లు, ఒక రియోస్టాట్, ఒక మిల్లీ ఆమ్‌మీటర్. కరెంటు 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టి, అర నిమిషానికోసారి దిక్కు మార్చుతూ పది నిమిషాలు పంపాను. దిక్కు మార్చే బాధ్యత అటెండర్‌కే ఇచ్చాను. గడియారం చూస్తూ ఒక్కసారి కూడా తప్పకుండా స్విచ్ తిప్పారు. మూడో నిమిషానికి రేకులు మసకబారాయి, ఆరో నిమిషానికి కాటుక పూసినట్టయ్యాయి. "మళ్లీ మసి పడతందే సార్!" అని నవ్వారు. పని ఇంకా అవలేదు. నలుపు సందుల్లో క్లోరిన్, పూత ఉప్పు దాక్కుంటాయి. అవి తర్వాత మెల్లగా కొలిచే ద్రావణంలోకి కారి అంకెలను చెడగొడతాయి. అందుకని రెండు రేకులనూ కలిపి రుణధ్రువం చేసి, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పావుగంట హైడ్రోజన్ బుడగలు రానిచ్చాను. ఆ తర్వాత కడగడం. కడిగిన నీటినే సెల్‌లో ఉంచి నిరోధం చూస్తూ పోయాను. అరగంట ఉంచినా తగ్గకుండా నిలబడ్డాక ఆపాను.

ఇప్పుడు పరీక్ష. మే నెల, గదిలో 33 డిగ్రీలు. ఫ్యాన్ల చప్పుడు వద్దని అన్నీ ఆపించాను. పెద్ద బీకరులో నీళ్లు పోసి, ఐసు ముక్కలు వేస్తూ 25 డిగ్రీల దగ్గర నిలిపి, సెల్‌ని అందులో ముంచాను. 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ పోసి రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. బాక్స్‌లో 680 తీస్తే సద్దు 50కి అర మిల్లీమీటరు ఇవతల చటుక్కున మణిగింది. రెండు వైపులా సమానంగా వినబడే చోట్లు గుర్తుపెట్టుకుని నడిమి బిందువు తీసుకున్నాను. నిశ్శబ్దాన్ని నేరుగా వెతకడం కన్నా ఇదే నమ్మకమైన పద్ధతి. నిరోధం 679 ఓమ్‌లు. ఈ ద్రావణం వాహకత 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్. నిరోధాన్ని దీనితో గుణిస్తే సెల్ కాన్‌స్టెంట్ 0.959. పాత చీటీలోని 0.96ని మేడం పైకి చదివారు. ఒక్క క్షణం అందరం ఆ చీటీ వైపే చూశాం.

ఒక్క ద్రావణంతో సరిపెట్టుకోకూడదు. 0.1 మోలార్ పోస్తే 74.5 ఓమ్‌లు వచ్చింది, సద్దు అంతే స్పష్టంగా మణిగింది. రెండు నిరోధాల నిష్పత్తి 9.1. "పదింతలు ఉప్పు ఉంటే పదింతలు రావాలి కదండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజంతటికీ మంచి ప్రశ్న అదే. పదింతలు రాకూడదు, 9.1 రావడమే సరైనది. ద్రావణం చిక్కబడేకొద్దీ అయాన్లు (కరిగిన ఉప్పులోని విద్యుదావేశపు కణాలు) ఒకదాన్నొకటి పట్టిలాగుతూ నెమ్మదిస్తాయి. ఒక్కో మోల్ ఉప్పుకు లెక్కగట్టే వాహకత, అంటే మోలార్ వాహకత, 0.01 దగ్గర 141.3 ఉంటే 0.1 దగ్గర 128.8కి పడిపోతుంది. నీళ్లు కలుపుకుంటూ పోతే 150 దగ్గర ఆగుతుంది. కోల్‌రాష్ ఇలా ఏళ్ల తరబడి ఉప్పు తర్వాత ఉప్పు కొలిచి, చాలా పలుచటి ద్రావణాల్లో ప్రతి అయానూ తన పాటికి తాను ప్రయాణిస్తుందన్న నియమం తేల్చాడు. పిల్లలు పుస్తకంలో బట్టీపట్టే కోల్‌రాష్ నియమం ఇదే. తోమేసిన రేకులతో ఈ నిష్పత్తి 8 దగ్గరే తచ్చాడింది. ఆ రేకులే కోల్‌రాష్ దగ్గరుంటే ఆ నియమం ఆయనకు దొరికేది కాదు.

పిల్లల రికార్డుల్లో ఇంకో చిక్కుముడి మిగిలింది. చాలా జవాబులు 0.83 చుట్టూ గుంపుగా ఉన్నాయి. నలుపు పోయినందువల్లే అయితే జవాబులు చెల్లాచెదురు కావాలి, ఒక్కచోట గుమిగూడవు. విచారిస్తే వాళ్లు నీటి తొట్టి వాడకుండా 33 డిగ్రీల గదిలోనే కొలిచి, 25 డిగ్రీల అంకె 1413తో గుణించారని తేలింది. వాహకత డిగ్రీకి దాదాపు 2 శాతం పెరుగుతుంది. ఎనిమిది డిగ్రీలకు 16 శాతం. నిరోధం 587 దాకా దిగుతుంది, దాన్ని 1413తో గుణిస్తే సరిగ్గా 0.83. థర్మామీటరు ముంచని కండక్టివిటీ అంకెను నేను నమ్మను.

మేడం తమ ఊరి బోరు నీళ్లు తెచ్చారు. 25 డిగ్రీల దగ్గర సెల్ నిరోధం 446 ఓమ్‌లు, అంటే 2150 మైక్రోసీమెన్స్. ఒక కుర్రాడు జేబులోంచి టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపేది) తీసి ముంచాడు. లీటరుకు 1080 మిల్లీగ్రాములని చూపించింది. నేను 100 మిల్లీలీటర్లు వడగట్టి ఆవిరిచేసి, 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాను. లీటరుకు 1390 లెక్కకొచ్చింది. పెన్ను చెడిపోలేదు. అది కూడా కోల్‌రాష్ బ్రిడ్జి మనవడే, లోపల కొలిచేది వాహకతనే. కొలిచిన అంకెను లోపలే 0.5తో గుణించి తెర మీద చూపిస్తోంది. ఆ 0.5 వంట ఉప్పు నీళ్లకు సరిపోయే గుణకం. ఈ బోరు నీళ్లకు 0.65 కావాలి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా అనుమతి ఉంది. ఇంకొక మాట కూడా అక్కడ గట్టిగా చెప్పాను. ఫ్లోరైడ్ బాధ ఉన్న జిల్లా అది. వాహకత ఎంత తక్కువ చూపినా ఫ్లోరైడ్ లేదని అర్థం కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంత చిన్న మొత్తాన్ని ఈ బ్రిడ్జి గానీ, ఆ పెన్ను గానీ విడిగా గుర్తుపట్టలేవు. దానికి వేరే పరీక్ష చేయించాల్సిందే.

ఆర్వో నీళ్ల దగ్గర మాత్రం మా సెల్ తడబడింది. నిరోధం 12,000 ఓమ్‌ల దాకా పోయింది, బాక్స్ చాల్లేదు. పైగా అంత శుభ్రమైన నీళ్లకు దట్టమైన నలుపు మంచిది కాదు. పాత లవణాలను పట్టి ఉంచుకుని మెల్లగా వదులుతుంది. 1894లో కోల్‌రాష్, హైడ్‌వైలర్ శూన్యంలో మళ్లీ మళ్లీ స్వేదనం చేసి తీసిన నీళ్ల వాహకత 18 డిగ్రీల దగ్గర 0.043 మైక్రోసీమెన్స్. అంత దూరం పోకపోయినా, పలుచటి నీళ్లకు రేకులు దగ్గరగా ఉన్న, నలుపు లేని సెల్ వేరే ఉండాలి. అటెండర్‌ని పిలిచి, "బాబాయ్, అలాంటి సెల్ కొంటే దాన్ని మీరు తళతళలాడేలా ఉంచొచ్చు. బ్రష్షు, పొడి మాత్రం వద్దు, ఆమ్లంతో కడిగితే చాలు" అన్నాను.

నల్ల సెల్‌ని డిస్టిల్డ్ వాటర్ సీసాలో ముంచి ఉంచే ఏర్పాటు చేశాం. ఆరితే నలుపు చచ్చుబడుతుంది. ఆ సీసా మీద అటెండర్ తానే పెద్ద అక్షరాలతో రాసి అంటించారు: "ఈ నలుపు ప్లాటినం. తోమకూడదు. ఆరనివ్వకూడదు."

ఆరు నెలలకు మరో పని మీద అటు వెళ్లి మళ్లీ కొలిచాను. సెల్ కాన్‌స్టెంట్ 0.962. దాన్ని తేదీతో సహా పాత చీటీ కిందే రాశాను. ఇండక్షన్ కాయిల్ కాంటాక్టులు మళ్లీ కాలాయి. ఈసారి రుద్దితే లాభం లేదు, కొత్తవి వేయాలి.